పరామర్శకొచ్చేవాళ్లకి ఏం చెప్పాలి?

కోనసీమలో ఒకరికి ఆపరేషనైతే వీధంతా కదులుతుంది. అమలాపురమైనా రాజోలైనా, మనిషి ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిందని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా పక్కింటి నుంచి బ్రెడ్డు ప్యాకెట్, ఎదురింటి నుంచి బత్తాయిలు, మేనత్తగారింటి నుంచి హార్లిక్స్ సీసా వచ్చేస్తాయి. వాటి వెనకే ప్రశ్నలూ వస్తాయి. ఎక్కడ చేయించారండీ? ఎన్ని కుట్లు పడ్డాయండీ? డాక్టరు మన వైపు మనిషేనా? గర్భసంచి ఆపరేషనైనా, పిత్తాశయంలో రాళ్లయినా ఈ హడావుడిలో మంచే ఎక్కువ. వచ్చినవాళ్లలో ఒకరు బిందె నింపిపెడతారు, ఇంకొకరు పిల్లాణ్ని బడి నుంచి తీసుకొస్తారు. ఏ నర్సింగ్ హోమ్ బిల్లులోనూ కనిపించని సేవ అది.

రొమ్ముల పరిమాణం పెంచే శస్త్రచికిత్స దగ్గరికొచ్చేసరికి ఆ సేవ ఆగిపోతుంది. చెబితే కదా ఎవరైనా వచ్చేది! చెప్పడానికి ఓ కథ అల్లుకుంటారు. హైదరాబాద్‌లో పెళ్లి, విశాఖలో స్నేహితురాలి గృహప్రవేశం, లేదంటే కడుపులో చిన్న గడ్డ. కథ అల్లాక దానికి తగ్గట్టు బతకాలి. పెళ్లికెళ్లొచ్చిన మనిషి మర్నాడు బోరింగు కొట్టకుండా ఎలా ఉంటుంది? గృహప్రవేశం నుంచి వచ్చిన కోడలు పై అరలో డబ్బా అందుకోనంటే అత్తగారు ఊరుకుంటుందా?

ఈ ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది ఆ స్త్రీ ఇష్టం. తీర్పు చెప్పే హక్కు వీధికి లేదు, పత్రికకీ లేదు. వీధికి చెప్పక్కర్లేదు కూడా. అయితే ఇంట్లో ఒక్కరికైనా తెలియకుండా, ఊళ్లో చూపించుకునే డాక్టరుకు తెలియకుండా, చేతిలో ఒక్క కాగితం మిగలకుండా కానిచ్చేద్దామనుకోవడం మాత్రం ప్రమాదం. ఇంటి గుట్టు లంకకు చేటని పెద్దలన్నారు గానీ, ఈ ఒక్క విషయంలో గుట్టే చేటు.

2022 మే నెలలో బెంగళూరులో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కన్నడ సీరియళ్లలో నటించే చేతన రాజ్ అనే 21 ఏళ్ల అమ్మాయి కొవ్వు తగ్గించే ఆపరేషన్‌కని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేరి ప్రాణాలు కోల్పోయింది. ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పలేదని, స్నేహితులు వెంట వెళ్లారని అప్పటి వార్తలు. తెలుగువాళ్లకు అంతకన్నా దగ్గరి పేరు ఆర్తీ అగర్వాల్. 2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’తో ఇంటింటి అమ్మాయైపోయిన ఆమె 2015 జూన్‌లో అమెరికాలో 31 ఏళ్లకే కన్నుమూసింది. అంతకు కొద్ది వారాల ముందే ఆమె లైపోసక్షన్ చేయించుకుందన్న సంగతి చనిపోయాకగానీ జనానికి తెలియలేదు. ఈ రెండూ రొమ్ము ఆపరేషన్లు కావు. అందం కోసం చేసేది ‘చిన్న పని’ అన్న భ్రమ మాత్రం అన్నింటికీ ఒక్కటే. మత్తు మత్తే, రక్తస్రావం రక్తస్రావమే. కోరిక దేనికోసమో శరీరానికి తెలియదు.

అసలు ఈ ఆపరేషన్‌లో రొమ్ముల్లోపల పెట్టే ఇంప్లాంట్ ఎలా మొదలైందో తెలిస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో టిమ్మీ జీన్ లిండ్సే అనే ఆమె పచ్చబొట్టు తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లింది. ఫ్రాంక్ గెరో, థామస్ క్రోనిన్ అనే ఇద్దరు సర్జన్లు తాము కొత్తగా తయారుచేసిన సిలికాన్ సంచులు పెట్టించుకుంటావా అని అడిగారు. ఆమెకు చెవులు సరిచేయించుకోవాలని ఉందట. చెవులూ సరిచేస్తామన్నారు, సరేనంది. ప్రపంచంలో మొదటి సిలికాన్ రొమ్ము ఇంప్లాంట్ కథ అది. ముప్ఫై ఏళ్లు తిరిగేసరికి, 1992లో, ఇవి ఎంతవరకు సురక్షితమో తేలలేదంటూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అందం కోసం సిలికాన్ జెల్ ఇంప్లాంట్లు వాడటాన్ని ఆపించింది. మళ్లీ అనుమతిచ్చింది 2006లో. అప్పుడు కూడా అందం కోసమైతే సిలికాన్‌కు 22 ఏళ్లు నిండాలని షరతు పెట్టింది. ఉప్పునీటి ఇంప్లాంటుకైతే 18 ఏళ్లు. ఆ వయసుకి ముందు శరీరం ఇంకా ఎదుగుతూనే ఉండొచ్చన్నది దాని లెక్క. డిగ్రీ చదివే పిల్లకి పెళ్లిచూపుల్లోపే అయిపోవాలని తొందరపడే తల్లులుంటే ముందు చూసుకోవాల్సిన అంకె ఇది.

ఇక తయారీ. మన దగ్గర ఆపరేషన్‌కి తయారవడమంటే పంచాంగం తీయడం. మంగళవారం వద్దు, అమావాస్య దాటనివ్వండి, మూఢం వెళ్లిపోనివ్వండి అని చూసే ఇంట్లో ఎవరూ వరద నెల సంగతి చూడరు. కోనసీమ మనిషి చూడాల్సిన అసలు ముహూర్తం అది. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే లంక గ్రామాల నుంచి బయటపడాలంటే పడవే గతి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిందన్న వార్త దాదాపు ఏటా వస్తుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు రాజోలు దీవి ఎంత అవస్థ పడిందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆపరేషనైన అయిదో రోజున ఒక పక్క వాచి, జ్వరం వస్తే లైఫ్ జాకెట్ వేసుకుని నాటు పడవ ఎక్కి ఏటికి ఎదురెళ్లాలా? మేలోనూ మంచిది కాదు. రాత్రీ పగలూ బిగుతైన సర్జికల్ బ్రా వేసుకుని ఉండాల్సిన రోజుల్లో ఆ ఉక్కపోత, ఆ చెమట కుట్ల కింద చర్మాన్ని పాడు చేస్తాయి. కార్తీకం తర్వాత బాగుంటుంది. అప్పుడు చేయించుకున్నా సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థంలో జనం మధ్య తోసుకుంటూ తిరగాలన్న సరదా ఆ ఒక్క ఏడాదికి మానుకోవాలి.

డాక్టరు దగ్గర దాచకూడనివి కొన్ని ఉంటాయి. గుండెకు వేసుకునే ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబడే మాత్రలు, నొప్పికని కొనుక్కునే మాత్రలు, చేపనూనె గుళికలు, ఎవరో ఇచ్చిన నాటుమందు, అన్నీ చెప్పాలి. వీటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి. ఏది ఆపాలో, ఎన్నాళ్ల ముందు ఆపాలో ఆ మందు రాసిన డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని తేల్చాలి, సొంతంగా ఆపేయడం ఇంకో తప్పు. మన ఇళ్లలో ఎవరికీ తట్టనిది ఇంకొకటుంది. పూజ ఉందనో పెళ్లి ఉందనో నెలసరి వాయిదా వేసుకునే మాత్రలు. మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరుకుతాయి కాబట్టి వాటిని మందులని ఎవరూ అనుకోరు. గర్భనిరోధక మాత్రల్లాగే ఇవీ కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పును కొంత పెంచగలవు. మత్తులో కదలకుండా పడుకునే మనిషి విషయంలో సర్జన్‌కి తెలియాల్సిన ముక్క అది. పొగాకు సంగతి చెప్పేదేముంది, సిగరెట్టైనా చుట్టైనా జర్దా కిళ్లీ అయినా నికోటిన్ చర్మానికి రక్తం అందనివ్వదు, గాయం మానదు. కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందే మానేయాలంటారు.

ఆపరేషన్ రోజు ఏమీ తినొద్దంటే ‘ఓ చుక్క కాఫీ’ లెక్కలోకి రాదనుకునేవాళ్లు గోదావరి జిల్లాల్లో తక్కువేం కాదు. పాలు కలిసిన కాఫీ మత్తు డాక్టరు దృష్టిలో తిండితో సమానం. ఆరు గంటల ముందే ఆపాలి. మత్తులో వాంతయి అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాల మీదికొస్తుంది.

పిల్లల్ని కనే ఆలోచనుంటే అది ముందే మాట్లాడుకోవాలి. ఇంప్లాంట్లున్న చాలామంది తల్లులు పాలివ్వగలరు, కొందరికి పాలు తగ్గుతాయి. చనుమొన చుట్టూ కోత పెడితే పాలు తగ్గే అవకాశం ఇంకా ఎక్కువ. పైగా కాన్పు తర్వాత రొమ్ముల ఆకారం ఎలాగూ మారుతుంది, లక్షలు పోసి చేయించిన పని మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు. నలభై దాటినవాళ్లకు ముందుగా మామోగ్రామ్ తీయించడం మామూలు. ఇంట్లో తల్లికో పిన్నికో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే వయసుతో పని లేకుండా చెప్పాలి.

సైజు దగ్గరే అసలు బేరం. ఫోన్‌లో హీరోయిన్ ఫొటో చూపించి ఇలా కావాలంటే పని కాదు. ఛాతీ వెడల్పెంత, చర్మం మందమెంత, లోపలున్న సొంత కణజాలం ఎంత అన్నది కొలిచి సర్జన్ సీసీల్లో చెబుతాడు. ఛాతీకి మించిన ఇంప్లాంట్ పెడితే చర్మం పలచబడుతుంది, నాలుగేళ్లకే జారుతుంది, మెడా వీపూ లాగేస్తాయి. ‘ఎంత కావాలంటే అంత పెడతాం’ అనే చోటి నుంచి లేచి వచ్చేయడమే మంచిది. ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ప్లాస్టిక్ సర్జరీ డిగ్రీ సర్జన్‌కి ఉందా, ప్రత్యేకంగా మత్తు డాక్టరున్నాడా, రాత్రి ఏదైనా అయితే ఐసీయూ ఉందా అని అడగడం అమర్యాద కాదు. పెళ్లి సంబంధానికి ఏడు తరాలు ఆరా తీసే ప్రాంతం మనది, ఇక్కడ మొహమాటమెందుకు?

క్రీములు, నూనెలు, గుళికల గురించి ఒక్క మాట. బస్సు సీట్ల వెనకా, గోడల మీదా, పత్రికల చిన్న ప్రకటనల్లోనూ ఇవి కనిపిస్తూనే ఉంటాయి. స్త్రీల వక్షోజాల ఆకారం మారుస్తామంటూ మందులకు ప్రకటనలివ్వడం 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కిందే నిషిద్ధం. డెబ్బై ఏళ్లు దాటిన చట్టం. గోడ మీద సున్నం ఇంకా ఆరలేదు.

ఇప్పుడు ఇంటికొద్దాం. ఆపరేషన్ బల్ల మీద గడిచేది ఒకటీ రెండు గంటలు, మిగతాదంతా ఇంట్లోనే. ఇంప్లాంటును చాలాసార్లు ఛాతీ కండరం కింద పెడతారు. చేయిని ముందుకూ లోపలికీ లాగేది ఆ కండరమే, చేయి వెనక్కో పైకో పోయినప్పుడల్లా సాగేదీ అదే. అందుకే బరువులెత్తొద్దని డాక్టరు చెబితే సరిపోదు, కోనసీమ ఇంట్లో ఆ కండరం చేసే పనులేమిటో విడమరిచి చెప్పాలి. బోరింగు కొట్టడం. కొబ్బరి కోరడం. గ్రైండర్‌లోంచి రాయి ఎత్తి పిండి తీయడం. తీగ మీద తడి దుప్పటి ఆరేయడం. పరుపు దులపడం. కొబ్బరికాయ ఒలవడం మాట సరేసరి. జడ వేసుకోవడానికి రెండు చేతులూ తల వెనక్కి పోవడం కూడా మొదటి రోజుల్లో నొప్పే. ఆ వారం పది రోజులూ జడ వేసే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషికి విషయం తెలియాలి. గుట్టు మొదట కరిగేది అక్కడే.

ఇంట్లో మొగవాళ్లు కువైట్‌లోనో ఖతార్‌లోనో ఉన్న ఇళ్లు రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఎన్నో. కొన్ని ఇళ్లలో ఆడవాళ్లే గల్ఫ్‌లో ఉంటారు. ఇంటి పనంతా ఒక్క మనిషి మీద నడిచే కొంపలో ఆరు వారాలు బరువెత్తకుండా ఉండటం మాటలు కాదు. తోడెవరన్నది తేలకుండా తేదీ ఖాయం చేయకూడదు. మొదటి ఒకటి రెండు రోజులు మత్తు ప్రభావం, వాంతులు, బిగబట్టినట్టుండే ఛాతీ. బాత్రూమ్‌కి కూడా మనిషి సాయం కావాలి. వెల్లకిలా, తల కింద రెండు దిళ్లు పెట్టుకుని పడుకోవాలి. బోర్లా పడుకోవడం వారాల తరబడి మరిచిపోవాలి. కూర్చుని చేసే ఉద్యోగమైతే వారం పది రోజుల్లో వెళ్లొచ్చు. స్కూటీ నడపడానికి ఇంకొన్నాళ్లు పడుతుంది.

పథ్యం పేరుతో జరిగే అన్యాయం మరొకటి. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ తింటే దురదని, గుడ్డు వేడని, చేప నీచని ఒకొక్కటే తీసేసి ఆపరేషనైన మనిషికి చారూ అన్నం, బ్రెడ్డు ముక్కా మిగులుస్తారు. కోత మానాలంటే కావాల్సింది మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, కొరమీను, పెరుగు, అన్నీ పెట్టొచ్చు, పెట్టాలి. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, కందిపప్పు వల్ల కాదు. ఈ ఒక్క మాట ప్రతి డిశ్చార్జి కాగితం మీద పెద్దక్షరాలతో అచ్చువేస్తే ప్లాస్టిక్ సర్జరీకే కాదు, రాష్ట్రంలో జరిగే ప్రతి సిజేరియన్‌కీ ఉపకారం చేసినట్టవుతుంది.

అన్నింటికన్నా భయపడాల్సింది మొదటి రెండు మూడు రోజుల రక్తస్రావానికి. ఒక్క పక్కే గట్టిగా ఉబ్బిపోయి, నీలం రంగు తిరిగి, నొప్పి మాత్రకి లొంగకుండా పెరుగుతూ ఉంటే లోపల రక్తం చేరుతోందని అర్థం. తెల్లారేదాకా ఆగకూడదు. వారం తర్వాత ఎర్రదనం, వేడి, చీము, చలిజ్వరం వస్తే ఇన్ఫెక్షన్. పిక్కలో నొప్పి, ఆయాసం వస్తే ఎక్కడా ఆగకుండా పెద్దాసుపత్రికే. ఇవన్నీ అందరికీ వస్తాయని కాదు. చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా కోలుకుంటారు. మొదట్లో రొమ్ములు పైకి, గట్టిగా, ఎవరివో అన్నట్టుంటే కంగారుపడక్కర్లేదు. కిందికి దిగి మెత్తబడటానికి మూడు నుంచి ఆరు నెలలు, మచ్చ వెలవడానికి ఏడాది పడుతుంది. చర్మం మొద్దుబారినట్టుండటం, రెండో వారంలో ఊరికే ఏడుపు రావడం కూడా మామూలే.

కథ అడ్డం తిరిగేది ఇక్కడే. జ్వరం వస్తే గుట్టు కాపాడుకునే మనిషి ఎవరి దగ్గరికి వెళ్తుంది? వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి. ‘ఒళ్లు నొప్పులండీ, జ్వరమండీ’ అంటుంది, అసలు సంగతి చెప్పదు. ఆయన అలవాటు చొప్పున ఒక ఇంజెక్షన్, అయిదు రోజుల యాంటీబయాటిక్ ఇస్తాడు. జ్వరం తగ్గుతుంది. లోపల ఇంప్లాంట్ చుట్టూ ఇన్ఫెక్షన్ మాత్రం రాజుకుంటూనే ఉంటుంది. ఆయన్ని ఏం తప్పుపడతాం? ఆయనకి చెప్పిందల్లా జ్వరమే. ఇంప్లాంట్ చుట్టూ చీము చేరిందంటే చాలాసార్లు దాన్ని తీసేసి, కొన్ని నెలలు ఆగి, మళ్లీ పెట్టాలి.

హైదరాబాద్‌లో చేయించుకుని వచ్చేస్తే తిరిగి చూపించుకోవడానికి వెళ్లే దారి కూడా లెక్కలో వేసుకోవాలి. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం పూర్తయ్యేదాకా అమలాపురానికి రోడ్డే దిక్కు. కాకినాడైనా రాజమహేంద్రవరమైనా అరవై డెబ్బై కిలోమీటర్లు. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన రాకముందు పంటు మీద గోదావరి దాటిన రోజులతో పోలిస్తే ఇది స్వర్గమే. రాజోలువాళ్లు చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు, కొత్తపేటవాళ్లు రావులపాలెం చేరి జాతీయ రహదారి మీదికి ఎక్కుతారు. అర్ధరాత్రి అవసరమైతే ఎటు వెళ్లాలో, ఏ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జన్ అందుబాటులో ఉంటాడో ఆపరేషన్‌కి ముందే కనుక్కుని ఉంచుకోవాలి. కారులో సీటు బెల్టుకీ ఛాతీకీ మధ్య చిన్న దిండు పెట్టుకుంటే స్పీడ్ బ్రేకర్ల దగ్గర ప్రాణం లేచిరాదు. బెల్టు మానేయడం మాత్రం వద్దు. అమెరికా నుంచి సెలవుల్లో వచ్చి ఇక్కడ చవకని చేయించుకుని వారంలో విమానం ఎక్కేద్దామనుకునే ఎన్నారై అమ్మాయిలకు ఒక హెచ్చరిక. పదిహేను ఇరవై గంటలు కదలకుండా కూర్చునే ప్రయాణం, కొత్త ఆపరేషన్, రెండూ కలిస్తే రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. సర్జన్ సరేననేదాకా టికెట్ బుక్ చేయకూడదు.

ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదని ఎఫ్‌డీఏ పదేపదే చెబుతోంది. చుట్టూ మచ్చ కణజాలం బిగుసుకుని రొమ్ము రాయిలా గట్టిపడొచ్చు. సిలికాన్ సంచి పైకి ఏమీ తెలియకుండా లోపలే చిరగొచ్చు. అందుకే పెట్టించుకున్న అయిదారేళ్లకోసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎంఆర్‌ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ తీయించమంటారు. మామోగ్రామ్ తీసేవాళ్లకు ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పాలి, వాళ్లు అదనపు కోణాల్లో తీస్తారు. చెప్పకపోతే నీడ చాటున గడ్డ దాక్కుంటుంది.

అందుకే కాగితం ముఖ్యం. ఇంప్లాంట్ తయారీ సంస్థ, మోడల్, సీరియల్ నంబరు, సైజు రాసిన కార్డు ఒకటిస్తారు. అడిగి తీసుకోవాలి. ఫ్రాన్స్‌లో పీఐపీ అనే కంపెనీ వైద్యానికి వాడాల్సిన సిలికాన్‌కు బదులు పరిశ్రమల్లో వాడే చవక సిలికాన్ నింపి ప్రపంచమంతా అమ్మింది. 2010లో బయటపడింది, 2013లో యజమాని జాన్‌క్లోడ్ మాస్‌కు నాలుగేళ్ల జైలుశిక్ష పడింది. అప్పుడు లక్షల మంది ఆడవాళ్లకు ఒకటే ప్రశ్న, నా ఒంట్లో ఉన్నది అదేనా? 2019 జులైలో అలర్గన్ కంపెనీ గరుకు పైపూత ఉన్న బయోసెల్ ఇంప్లాంట్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. ఇంప్లాంట్ చుట్టూ వచ్చే ఒక అరుదైన లింఫోమా క్యాన్సర్ కేసులు అప్పటికి 573 నమోదై, 33 మంది చనిపోయారని ఎఫ్‌డీఏ లెక్క, వాటిలో అత్యధికం ఆ కంపెనీవే. పెట్టించుకున్న ఎనిమిది పదేళ్లకు ఒక పక్క హఠాత్తుగా వాస్తే అనుమానించాల్సిన జబ్బు అది. పదేళ్లనాటి గుట్టు ఎవరికి గుర్తుంటుంది? కార్డుకి గుర్తుంటుంది. ఇంట్లో ఆధార్, రేషన్ కార్డు, పొలం పాసుపుస్తకం పెట్టుకునే కవర్లోనే దానికీ చోటివ్వాలి.

ఇంతవరకూ చెప్పింది కోరి చేయించుకునేవాళ్ల సంగతి. అదే ఇంప్లాంట్, అదే సర్జన్, అదే కోత ఇంకో రకం మనిషికీ కావాలి. క్యాన్సర్‌తో రొమ్ము తీసేసినవాళ్లకి. ‘అత్తారింటికి దారేది’, ‘మిర్చి’ సినిమాల్లో కనిపించిన హంసా నందిని 2021 డిసెంబరులో తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, వంశపారంపర్యంగా వచ్చే బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉందని, అమ్మ కూడా ఆ జబ్బుతోనే పోయిందని బాహాటంగా చెప్పింది. గుండు ఫొటో పెట్టి మరీ చెప్పింది. తెలుగు సినిమా పరిశ్రమలో ఒక నటి ఆ మాట ఆ రకంగా అనడం చిన్న విషయం కాదు.

మన చట్టాల లెక్కలో ఈ రెండు రకాల మనుషులూ వేరు. అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి 18 శాతం జీఎస్టీ పడుతుంది. పుట్టుకతో వచ్చిన లోపానికో గాయానికో చేసే పునర్నిర్మాణానికి పడదు. ఆరోగ్య బీమా నిబంధనలూ అంతే, సౌందర్య చికిత్సలకు డబ్బు రాదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత పునర్నిర్మాణానికి మినహాయింపుంది. ఈ మినహాయింపు ఉందని తెలియక ‘అదంతా సోకు కిందికొస్తుందటండీ’ అని వదిలేసుకునే ఆడవాళ్లుంటారు. బీమా పాలసీ కాగితం చదివించుకోవాలి. ఎన్టీఆర్ వైద్యసేవలో ఏది వర్తిస్తుందో ఆసుపత్రి కౌంటర్లో ఆరోగ్యమిత్రను రొమ్ము తీసే ఆపరేషన్‌కి ముందే అడగాలి, ఎందుకంటే పునర్నిర్మాణం కొందరికి ఆ బల్ల మీదే చేయవచ్చు. అమెరికాలో రొమ్ము తొలగింపుకు డబ్బిచ్చే బీమా పథకం పునర్నిర్మాణానికీ ఇచ్చి తీరాలని 1998లోనే చట్టం చేశారు.

పక్కనున్న తమిళనాడు ఇంకో అడుగు వేసింది. 2018 ఫిబ్రవరిలో చెన్నై స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో రొమ్ము శస్త్రచికిత్సలు పేదలకు ఉచితంగా చేసే క్లినిక్ మొదలుపెట్టారు. అందానికి డబ్బులా అని విమర్శలొచ్చాయి. పేదవాళ్లకి అందం ఎందుకు అందకూడదని అప్పటి ఆరోగ్య మంత్రి వాదించారు. ఆయన వాదనలో సగం ఒప్పుకోవచ్చు. రెండు రొమ్ముల మధ్య పెద్ద తేడాతో పుట్టి పెళ్లి మాటెత్తితేనే ముడుచుకుపోయే అమ్మాయి బాధ సోకు కాదు. అందరికీ ఉచితమా అంటే, అమలాపురం ఏరియా ఆసుపత్రిలో డయాలసిస్ మంచాల కోసం జనం నిలబడే రోజుల్లో, క్యాన్సర్ బాధితులే ముందు.

ట్రాన్స్‌జెండర్ స్త్రీలకు ఈ ఆపరేషన్ సోకా, చికిత్సా అన్న వాదన దేశంలో 2022లో ఒక కొలిక్కి వచ్చింది. ఆయుష్మాన్ భారత్ కింద వాళ్లకి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు లింగమార్పిడి చికిత్సలతో సహా వర్తింపజేస్తామని కేంద్రం ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది ఫిబ్రవరిలో నెల్లూరులో ఏం జరిగిందో చూడండి. లాడ్జి గదిలో ఇద్దరు ఫార్మసీ విద్యార్థులు చేసిన లింగమార్పిడి ఆపరేషన్‌లో ఒక మనిషి చనిపోయాడు. ఆసుపత్రి గుమ్మం ఎక్కడానికి సిగ్గుపడాల్సిన చోట లాడ్జి గదులు ఆపరేషన్ థియేటర్లవుతాయి.

కోనసీమ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. జిల్లా కేంద్రంలో ప్రభుత్వాసుపత్రి ఉంది, కిమ్స్ వైద్య కళాశాల ఉంది. వారానికి ఒక్క పూట ప్లాస్టిక్ సర్జన్, ఒక మహిళా డాక్టరు కలిసి కూర్చునే ఓపీ పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నా, ఎందుకు చేయించుకున్నా ఆ ఓపీకి వచ్చి కుట్లు చూపించుకోగలగాలి, రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్నవాళ్లు పునర్నిర్మాణం గురించి అడగగలగాలి. ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్ 2015 నుంచి, బ్రిటన్ 2016 నుంచి నడుపుతున్నట్టు ఇంప్లాంట్ల రిజిస్టర్ ఒకటి రాష్ట్ర స్థాయిలో తెరిస్తే, రేపు ఇంకో కంపెనీ సరుకు వెనక్కి తీసుకున్న రోజున ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది. ఆ ఓపీ దగ్గర మాత్రం అటెండర్ గుమ్మంలో నిలబడి పేరూ జబ్బూ కలిపి గట్టిగా పిలవకుండా టోకెన్ నంబరుతో పిలిస్తే చాలు.